లంచ్ బాకీ 22 వేలు, ఉత్తరాలు వెయ్యి: వయోమింగ్ వ్యాలీ వెస్ట్ కేసు

2019 జులైలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, లుజర్న్ కౌంటీలో ఉన్న వయోమింగ్ వ్యాలీ వెస్ట్ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) సుమారు వెయ్యి మంది తల్లిదండ్రులకు ఉత్తరాలు పంపింది. మీ పిల్లల భోజనం ఖాతాలో బాకీ ఉంది, డబ్బూ ఇవ్వకుండా బాక్సూ కట్టకుండా బడికి పంపడమంటే బిడ్డకు తిండి పెట్టకపోవడమే, దీని మీద మిమ్మల్ని డిపెండెన్సీ కోర్టుకు (పిల్లల సంరక్షణ కేసులు చూసే కోర్టు) లాగవచ్చు, పిల్లల్ని మీ దగ్గర్నుంచి తీసేసి ఫోస్టర్ కేర్‌లో, అంటే వేరేవాళ్ల సంరక్షణలో పెట్టే దాకా పోవచ్చు అని వాటి సారాంశం. డిస్ట్రిక్ట్ మొత్తానికి రావాల్సిన బాకీ 22 వేల డాలర్ల పైచిలుకు.

పిల్లల సంక్షేమ విభాగం ఉన్నది లంచ్ బాకీలు వసూలు చేసి పెట్టడానికి కాదని కౌంటీ అధికారులు గట్టిగానే చెప్పారు. ఫిలడెల్ఫియాకు చెందిన లా కొలంబ్ కాఫీ కంపెనీ అధిపతి మొత్తం బాకీ తానే కట్టేస్తానన్నాడు. స్కూల్ బోర్డు అధ్యక్షుడు మొదట వద్దన్నాడు. కట్టగలిగిన వాళ్లే కట్టడం లేదని ఆయన వాదన. గొడవ దేశమంతా పాకాక డిస్ట్రిక్ట్ క్షమాపణ చెప్పి, ఆ డబ్బు తీసుకుంది.

వార్తల్లో కథ ఇంతే. లంచ్ ఖాతాలు నడిపేవాళ్లు చూడాల్సింది ఉత్తరంలోని భాషను కాదు, అది బయల్దేరే ముందు ఎవరూ తిరగేయని లెడ్జర్‌ను. తర్వాతి విద్యా సంవత్సరం నుంచి అదే డిస్ట్రిక్ట్‌లో పిల్లలందరికీ ఉచిత భోజనం అమల్లోకి వచ్చింది. అంటే అందరికీ ఉచితంగా పెట్టే అర్హత రావడానికి సరిపడా పేద కుటుంబాలు ఉన్న చోటే ఈ బెదిరింపు ఉత్తరాలు పంచారు.

సగటు బాకీ 22 డాలర్లు

22 వేలను వెయ్యి మందికి పంచితే తలా 22 డాలర్లు. భోజనం ధర రెండున్నర డాలర్లు అనుకుంటే తొమ్మిది పూటల తిండి. నలుగురు తల్లిదండ్రుల బాకీ మాత్రం ఒక్కొక్కరిదీ 450 డాలర్లు దాటిందని అప్పటి వార్తల్లో వచ్చింది. ఆ నలుగురిదే 1,800 పైమాట. ఇవి రెండూ వేరు వేరు జబ్బులు. 22 డాలర్ల ఇల్లు మరిచిపోయిన ఇల్లు, లేదా జీతం రావడానికి వారం ముందే చేతిలో డబ్బు అయిపోయిన ఇల్లు. 450 డాలర్లంటే ఏడాదంతా బడి నుంచి ఎవరూ ఆ ఇంటివాళ్లతో మాట్లాడలేదని అర్థం. ఇద్దరికీ ఒకే ఉత్తరం పంపడమే మొదటి తప్పు. అప్పట్లో స్టాంపు 55 సెంట్లు. వెయ్యి ఉత్తరాలకు తపాలా ఖర్చే 550 డాలర్లు.

బాకీల జాబితా చేతికి రాగానే చేయాల్సిన పని వాటిని మొత్తాన్ని బట్టి కాక వర్గాన్ని బట్టి విడదీయడం. అమెరికా బడి భోజనంలో ప్రతి పిల్లవాడూ మూడు వర్గాల్లో ఒకదానిలో ఉంటాడు: ఉచితం, తగ్గింపు ధర, పూర్తి ధర. కుటుంబ ఆదాయం కేంద్రం ప్రకటించే పేదరిక రేఖకు 130 శాతం లోపుంటే ఉచితం, 185 శాతం లోపుంటే తగ్గింపు. 2018–19లో నలుగురున్న ఇంటికి ఆ హద్దులు ఏడాదికి 32,630 డాలర్లు, 46,435 డాలర్లు. లెక్కలోకి వచ్చేది పన్ను కోతకు ముందున్న ఆదాయం. దరఖాస్తు ఫారం నింపేటప్పుడు చేతికొచ్చే జీతం రాసేసి తప్పులో కాలేసేవాళ్లు చాలామంది.

తగ్గింపు ధర లంచ్‌కు 40 సెంట్లు మించకూడదు. ఏడాదికి 180 రోజులు తిన్నా 72 డాలర్లే. ఇంత చిన్న మొత్తం కూడా పేరుకుపోతోందంటే ఆ ఇంటి పరిస్థితి మారిందేమో, ఫారం మళ్లీ నింపితే ఉచితానికి వస్తుందేమో అడగాలి. సంవత్సరం మధ్యలో ఎప్పుడైనా కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు, ఆఫీసుల్లో కొందరికి గుర్తుండదు.

వర్గం తప్పితే నష్టం బడికే

2018–19లో ఒక్కో లంచ్‌కు, బడి భోజన పథకాన్ని నడిపే కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చిన మామూలు రీయింబర్స్‌మెంట్ (బడికి తిరిగిచ్చే సొమ్ము) ఇలా ఉంది: ఉచితం వర్గానికి 3.31 డాలర్లు, తగ్గింపుకు 2.91, పూర్తి ధరకు 31 సెంట్లు. తగ్గింపు వర్గంలో 2.91కి పిల్లవాడి 40 సెంట్లు కలిపితే 3.31, అంటే ఉచితంతో సమానం. పూర్తి ధర వర్గంలో 31 సెంట్లకు పిల్లవాడు కట్టే రెండున్నర కలిపితే 2.81.

ఉచితానికి అర్హత ఉన్న పిల్లవాడు ఫారం అందక పూర్తి ధర వర్గంలో ఉండిపోయాడు, రోజూ తింటున్నాడు, కట్టడం లేదు అనుకుందాం. కేంద్రం నుంచి వచ్చేది 31 సెంట్లు. అదే ట్రే ఉచితంగా నమోదైతే 3.31. పూటకు మూడు డాలర్లు పోతున్నాయి. వంద పూటలకు బడికి పోయింది 300, పుస్తకంలో కనిపించే బాకీ 250. ఆ తండ్రి అప్పోసొప్పో చేసి 250 కట్టేసినా ఇంకా 50 తక్కువే. బాకీ వసూలు కోసం పడే తంటాలో సగం ఫారాల మీద పెడితే అంతకన్నా ఎక్కువ డబ్బు వస్తుంది. ఉత్తరం రాసినవాళ్లు ఈ లెక్క వేసినట్టు ఎక్కడా కనిపించదు.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతుంది

పిల్లవాడు వరుసలో నడుస్తూ ట్రే నింపుకుంటాడు. వరుస చివర క్యాషియర్, పక్కన కీప్యాడ్. పిల్లవాడు తన పిన్ నొక్కుతాడు, తెర మీద పేరూ బ్యాలెన్సూ వస్తాయి. క్యాషియర్ చివరే ఉండటానికి కారణం ఉంది. ట్రేలో ఉన్నది నిబంధనల ప్రకారం పూర్తి భోజనమా కాదా అని కంటితో చూసి లెక్క వేయాలి. అందుకే బాకీ సంగతి బయటపడేసరికి అన్నం చేతిలో ఉంటుంది. 2014 జనవరిలో సాల్ట్ లేక్ సిటీలోని యూఇంటా ఎలిమెంటరీలో దాదాపు 40 మంది పిల్లల చేతుల్లోంచి ట్రేలు లాక్కొని చెత్తబుట్టలో వేశారు. ఒకసారి వడ్డించిన తిండిని మరొకరికి పెట్టకూడదు, పారేసిన ట్రేను కేంద్రానికి లెక్క చూపలేరు. తిండీ పోయింది, రీయింబర్స్‌మెంటూ పోయింది, బాకీ మాత్రం అలాగే ఉంది. అవమానం సంగతి పక్కన పెట్టినా ఇది శుద్ధ దండగ.

వయోమింగ్ వ్యాలీ వెస్ట్‌లో ట్రేలు లాక్కోలేదు. బాకీ ఉన్నవాళ్లకు వేరుశనగ వెన్న, జామ్ శాండ్‌విచ్ ఇద్దామని అనుకుని, న్యాయ సలహా మేరకు మానుకున్నారు. కారణం 2017లో రాష్ట్రం చేసిన చట్టం. దాని ప్రకారం అడిగిన పిల్లవాడికి భోజనం పెట్టాల్సిందే, చేతికి ముద్ర వేయడం, వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టడం లాంటివి చేయకూడదు, బాకీ మాట పిల్లవాడితో కాక పెద్దవాళ్లతోనే ఎత్తాలి. ఇంకొకటి కూడా అందులోనే ఉంది. బాకీ ఐదు పూటలకు చేరగానే బడి కనీసం రెండుసార్లు తల్లిదండ్రులను పట్టుకుని ఉచిత భోజనం దరఖాస్తు నింపించే ప్రయత్నం చేయాలి. సగటు బాకీయే తొమ్మిది పూటలు ఉన్న చోట, ఐదు పూటలకు చేరిన ప్రతి ఫైల్లోనూ ఆ రెండు ప్రయత్నాల రికార్డు ఉండాలి. బెదిరింపు ముసాయిదా పట్టుకొచ్చిన వాళ్లను మొదట అడగాల్సింది ఆ కాగితమే. 2019లో ఈ చట్టాన్ని కాస్త సడలించి, 50 డాలర్లకు పైన బాకీ ఉంటే ప్రత్యామ్నాయ భోజనం పెట్టే వెసులుబాటు ఇచ్చారు. దాంతో బాకీ తగ్గుతుందనుకోవడం భ్రమ. చల్లటి శాండ్‌విచ్‌ను పిల్లవాడు తినకుండా వదిలేస్తాడు గానీ, దాన్ని చూసి తండ్రికి జీతం పెరగదు.

31వ రోజు

బాకీలు ఎక్కువగా పుట్టేది అక్టోబరులో. అమెరికా నిబంధనల్లో గత ఏడాది వర్గం కొత్త ఏడాదిలో మొదటి 30 పనిదినాల వరకే నడుస్తుంది. ఆలోగా కొత్త ఫారమూ రాక, స్నాప్ (పేదలకు ఆహార సాయం) వంటి పథకాల జాబితాలో పేరూ దొరకకపోతే 31వ రోజున సాఫ్ట్‌వేర్ ఆ పిల్లవాణ్ని పూర్తి ధరకు మార్చేస్తుంది. పిల్లవాడికి తేడా తెలియదు. నిన్నటిలాగే పిన్ నొక్కుతాడు, నిన్నటిలాగే తింటాడు.

ఒక ఊహా ఖాతా తీసుకుందాం. ఇద్దరు పిల్లలు, లంచ్ ధర 2.60. 31వ రోజు నుంచి రోజుకు 5.20, వారానికి 26 డాలర్లు మైనస్‌లోకి పోతున్నాయి. బడి నుంచి ఆటోమేటిక్ ఫోన్ వస్తుంది. మాకు ఉచితమే కదా, పొరపాటున వచ్చి ఉంటుందని తల్లి పట్టించుకోదు. చివరికి 45వ రోజున ఫారం ఆఫీసుకు చేరుతుంది. ఆఫీసుకు పది పనిదినాల గడువు ఉంది, 52వ రోజున ఆమోదం వస్తుంది. అప్పటికి 21 రోజుల బాకీ, 109.20.

ఇక్కడ చాలా డిస్ట్రిక్టులు వాడుకోని వెసులుబాటు ఒకటి ఉంది. అర్హతను ఆమోదం తేదీ నుంచి కాక ఫారం అందిన తేదీ నుంచి లెక్కించడానికి వ్యవసాయ శాఖ ఒప్పుకుంటుంది. అందరికీ ఒకేలా వర్తింపజేయాలి, రాష్ట్ర విభాగానికి ముందే చెప్పాలి. అలా చేస్తే 45 నుంచి 51 దాకా ఏడు రోజుల 36.40 బాకీ చెరిగిపోతుంది. ఆ భోజనాలను ఉచితం వర్గంలో చూపించి కేంద్రం దగ్గర డబ్బు తీసుకోవచ్చు. మిగిలిన 14 రోజుల 72.80 మాత్రం బాకీగానే ఉంటుంది, దాన్ని కేంద్రం డబ్బుతో మాఫీ చేసే దారి లేదు. ఆలస్యానికి ధర రోజుకు 5.20. అందుకే 31వ రోజు దాటాక ఉత్తరం పంపడం దండగ. 20వ రోజున గత ఏడాది ఉచితం జాబితాలో ఉండి, ఈ ఏడాది ఇంకా ఖరారు కాని పేర్లను విడిగా తీసి, ఒక్కొక్క ఇంటికీ మనిషి ఫోన్ చేయాలి, రికార్డు చేసిన గొంతు కాదు.

ఫారం అసలు అవసరం లేని పిల్లలు కూడా బాకీల జాబితాలో దొరుకుతారు. స్నాప్, టానఫ్ (పేద కుటుంబాలకు నగదు సాయం) లబ్ధిదారుల పిల్లలను, ఫోస్టర్ పిల్లలను, ఇల్లు లేనివాళ్లను జాబితాలు సరిపోల్చి నేరుగా ఉచితంలో చేర్చాలి. ఏడాదికి కనీసం మూడుసార్లు సరిపోల్చాలని నిబంధన. నెలనెలా చేస్తేనే పని జరుగుతుందని మా అభిప్రాయం. ఇంట్లో ఒక పిల్లవాడికి స్నాప్ ద్వారా అర్హత వస్తే అదే ఇంట్లో ఉన్న మిగతా పిల్లలందరికీ వర్తిస్తుంది. కానీ అక్కకో ఇంటిపేరు, తమ్ముడికో ఇంటిపేరు ఉంటే సాఫ్ట్‌వేర్ వాళ్లను ఒకే ఇల్లుగా గుర్తుపట్టదు. ఒకే ఇంట్లో ఒకరు స్నాప్ ద్వారా ఉచితంలో ఉండి మరొకరు భోజనానికి బాకీ పడ్డారంటే అది చాలాసార్లు ఆఫీసు తప్పే. చిరునామా, ఫోన్ నంబర్ల ఆధారంగా ఒక రిపోర్టు తీస్తే పావుగంటలో బయటపడుతుంది.

ఈ ఊళ్లో ఉచితం, ఆ ఊళ్లో కాదు

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు చాలావాటికి ఆదాయం హద్దు దాటే ఉంటుంది. వాళ్ల ఖాతాలు మైనస్‌లోకి పోయేది వేరే దారిలో. కాలిఫోర్నియాలో 2022–23 నుంచి అందరికీ ఉచితం. అక్కడి నుంచి టెక్సస్‌కు మారిన ఇంటి పిల్లవాడు కొత్త బడిలో అలవాటుగా ట్రే పట్టుకుంటాడు. టెక్సస్ చట్టం ప్రకారం ప్రతి డిస్ట్రిక్టూ గడువు విధానం ఒకటి పెట్టుకోవాలి. ఖాతా ఖాళీ అయినా కొంతకాలం భోజనం పెడతారు, బాకీ మీద వడ్డీ గానీ రుసుము గానీ వేయరు. కాబట్టి పిల్లవాడు ఆకలితో ఇంటికి రాడు. ఆ ఊరి ఖాతా తెరవాలన్న సంగతి పెద్దవాళ్లకు నోటీసు వచ్చాకే తెలుస్తుంది. ఆంధ్ర, తెలంగాణల్లో సర్కారు బడి మధ్యాహ్న భోజనం ఉచితం, ప్రైవేటు బడికైతే క్యారియర్. పూటపూటకూ లెక్క రాసే పద్ధతి మన అనుభవంలో లేదు.

రెండోది, ఇంటి నుంచి పులిహోర బాక్సు పట్టుకెళ్లే పిల్లవాడు. కౌంటర్ దగ్గర పాలు, కుకీ మాత్రం తీసుకుని పిన్ నొక్కుతాడు. అది భోజనం కాదు, విడి వస్తువుల అమ్మకం. ఐదు ఆహార రకాల్లో (మాంసకృత్తులు, ధాన్యం, పండు, కూరగాయ, పాలు) కనీసం మూడు, వాటిలో ఒకటి అరకప్పు పండో కూరగాయో ఉంటేనే ట్రే లంచ్‌గా లెక్కకొస్తుంది. లేకపోతే ఏ వస్తువు ధర ఆ వస్తువుదే. ఉచితం వర్గం పిల్లవాడైనా విడిగా తీసుకున్న పాలకు డబ్బు పడుతుంది. లంచ్ ఉచితమైన ఇంట్లో బాకీ ఎలా వచ్చిందని అడిగే ప్రతి ఫోన్‌కూ మొదట తెరిచి చూడాల్సింది ఈ విడి అమ్మకాల పేజీ.

డబ్బు జమ చేసే దగ్గర ఇంకో చిల్లు ఉంది. అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024 జులైలో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆన్‌లైన్‌లో లంచ్ డబ్బు జమ చేస్తే లావాదేవీకి సగటున 2.37 డాలర్ల రుసుము పడుతోంది. వంద జమ చేసేవాడికి అది రెండు శాతం పైచిలుకు. చేతిలో పదే ఉన్నవాడికి దాదాపు 24 శాతం. రుసుము లేకుండా కట్టే దారి, అంటే నగదో చెక్కో, బడి తప్పనిసరిగా ఉంచాలి. ఉందన్న మాట చాలా వెబ్‌సైట్లలో భూతద్దం పెట్టి వెతికితే తప్ప దొరకదు.

రాని బాకీ ఎవరి ఖాతాలోకి

2017 జులై 1 నాటికి ప్రతి డిస్ట్రిక్టూ బాకీల విధానాన్ని రాతపూర్వకంగా పెట్టుకోవాలని వ్యవసాయ శాఖ ఆదేశించింది. విధానంలో ఏం ఉండాలన్నది మాత్రం స్థానికులకే వదిలేసింది. అన్ని చోట్లా మారని నిబంధన ఒకటే. వసూలవుతుందన్న ఆశ ఉన్నంతకాలం అది పెండింగ్ బాకీ, దాన్ని వచ్చే ఏడాదికి మోసుకెళ్లవచ్చు, వసూలు ప్రయత్నాల ఖర్చు భోజన పథకం ఖాతా నుంచే పెట్టవచ్చు. ఇక రాదని తేల్చిన రోజున అది మొండి బాకీ. దాన్ని భోజన పథకం ఖాతా భరించకూడదు. డిస్ట్రిక్ట్ సాధారణ నిధి నుంచో దాతల నుంచో, ఏదో ఒక కేంద్రేతర సొమ్ముతో ఆ గుంట పూడ్చాలి. అంటే జూన్ చివర పుస్తకాలు మూసేటప్పుడు లంచ్ బాకీ టీచర్ల జీతాలు ఇచ్చే డబ్బుతో పోటీకి వస్తుంది. బెదిరింపు ఉత్తరాలు జులైలో పుట్టడం వెనక ఉండే ఒత్తిడి ఇలాంటిదే. వయోమింగ్ వ్యాలీ వెస్ట్ కోర్టు ఫిర్యాదులు, ఆస్తుల మీద హక్కు నమోదు లాంటి దారులు కూడా ఆలోచించింది. 22 డాలర్ల సగటు బాకీకి ఏ వకీలు ఫీజూ గిట్టదు.

దాత వచ్చినప్పుడు వద్దనడం అందుకే వింతగా ఉంటుంది. మొండి బాకీ అయ్యే గండం తప్పించే సొమ్ము అదే. తీసుకునేటప్పుడు మాత్రం రెండు జాగ్రత్తలు కావాలి. ఏ పిల్లవాడి బాకీ తీరిందో దాతకు చెప్పకూడదు, ఉచితం, తగ్గింపు వర్గాల వివరాలు గోప్యం. రెండోది, ఏ బాకీకి ముందు జమ చేయాలన్న వరుస ముందే కాగితం మీద పెట్టుకోవాలి. తగ్గింపు వర్గానివి ముందు, ఆ తర్వాత ఆ ఏడాదిలోనే ఉచితానికి మారిన ఇళ్ల పాత బాకీలు, చివర పూర్తి ధరవి, పాతవి మొదట. వరుస లేకపోతే గట్టిగా అరిచినవాడి ఖాతాకే జమ పడుతుంది.

ఇంటికి పంపే నోటీసు నాలుగు వాక్యాలు దాటక్కర్లేదు: “మీ అబ్బాయి లంచ్ ఖాతాలో ఈ రోజుకి 13 డాలర్ల బాకీ ఉంది. అబ్బాయికి భోజనం ఆపం. మీ ఇంటి ఆదాయం తగ్గినా, ఇంట్లో మనుషుల సంఖ్య పెరిగినా ఈ ఫారం నింపండి, నింపడానికి సాయం కావాలంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి. రుసుము లేకుండా కట్టాలంటే బడి ఆఫీసులో నగదు ఇవ్వవచ్చు.” వలస కుటుంబాలున్న చోట ఇంకో వాక్యం చేర్చాలి. ఈ ఫారం పౌరసత్వం గురించి అడగదు, సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే లేదని గడిలో టిక్ పెడితే చాలు. కవరు మూసి తపాలాలో పంపాలి, పిల్లవాడి చేతికివ్వకూడదు.

అందరికీ ఉచితం వచ్చాక

వయోమింగ్ వ్యాలీ వెస్ట్ లాంటి పేద ప్రాంతాల డిస్ట్రిక్టులకు ఉన్న పెద్ద దారి, ఫారాలు లేకుండా పిల్లలందరికీ ఉచితంగా పెట్టే కమ్యూనిటీ ఎలిజిబిలిటీ పథకం. ఫారం లేకుండా నేరుగా గుర్తించిన పిల్లలు అప్పటి నిబంధనల్లో కనీసం 40 శాతం ఉండాలి. 2023 అక్టోబరు నుంచి ఆ హద్దు 25 శాతం. ఆ శాతాన్ని 1.6తో గుణిస్తే వచ్చిన మేరకు భోజనాలకు ఉచితం రేటు, మిగతావాటికి పూర్తి ధర రేటు వస్తాయి. వెయ్యి మందిలో 450 మందిని గుర్తిస్తే 72 శాతానికి ఉచితం రేటు. 62.5 శాతం మందిని గుర్తిస్తే నూటికి నూరు. 25 దగ్గర ఉన్న బడికి 40 శాతం భోజనాలకే ఉచితం రేటు వస్తుంది, తక్కువ పడింది స్థానికంగా భరించాలి. అర్హత ఉన్నా చాలామంది వెనకాడేది అక్కడే. ఆ 1.6 ముందున్న అంకె పెరిగేది మళ్లీ జాబితాలు జాగ్రత్తగా సరిపోల్చడం వల్లనే, అక్కాతమ్ముళ్లను కలపడం వల్లనే.

పథకం మొదలైనా పాత బాకీ దానంతటది పోదు. అమలు తేదీకి ముందు తిన్న ప్రతి పూటా లెడ్జర్‌లో అలాగే కూర్చుని ఉంటుంది. కీప్యాడ్ కూడా కౌంటర్ మీద నుంచి కదలదు, ఎన్ని భోజనాలు పెట్టారో లెక్క చూపాలి కదా. రోజుకు మొదటి లంచ్ మాత్రమే ఉచితం. రెండో ట్రేకీ, విడి పాలకీ, చిప్స్‌కీ డబ్బు పడుతూనే ఉంటుంది. మొదటి రోజు గంట మోగకముందే సాఫ్ట్‌వేర్‌లో ఒక మార్పు చేయాలి: బ్యాలెన్స్ సున్నా అయితే విడి వస్తువుల అమ్మకం ఆగాలి, భోజనం ఆగకూడదు. చాలా సాఫ్ట్‌వేర్లలో ఇవి రెండూ వేరు వేరు గడులు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తప్పు గడి నొక్కితే అందరికీ ఉచితమైన బడిలో కూడా ఓ పిల్లవాడు ఖాళీ ట్రేతో వెనక్కి తిరుగుతాడు.